ఐర్లండ్ ఆర్థిక శాఖ కార్యదర్శి టి. కె. విటకర్: ఆ దేశ మలుపులో ఒక ఉద్యోగి వాటా ఎంత?

ప్రశ్న

వివిధ దేశాల ఆర్థిక విధానాలు ఎలా మారుతూ వచ్చాయో చదువుతున్న నాకు ఐర్లండ్ విషయంలో ఒక సందేహం తీరకుండా మిగిలిపోయింది. 1950లలో ఆ దేశం నుంచి సుమారు నాలుగు లక్షల మంది వలస వెళ్లిపోయారు. 1961 జనాభా లెక్కల నాటికి అక్కడ మిగిలినవారు 28 లక్షల మంది మాత్రమే. ఆ పతనాన్ని ఆపి దేశాన్ని మరో దారి పట్టించినది 1958 నవంబరులో వెలువడిన 'ఎకనామిక్ డెవలప్‌మెంట్' అనే నివేదిక అని చాలామంది చరిత్రకారులు రాస్తారు. ఆ నివేదికను రాయించినది మంత్రీ కాదు, విశ్వవిద్యాలయ ఆచార్యుడూ కాదు. ఆర్థిక శాఖ కార్యదర్శిగా ఉన్న టి. కె. విటకర్ అనే ప్రభుత్వోద్యోగి దానికి కర్త, పైగా అది ఆయన పేరుతోనే ప్రజల ముందుకు వచ్చింది.

నేను తెలుసుకోగోరుతున్నవి మూడు విషయాలు. పదిహేడేళ్ల వయసులో గుమాస్తాగా చేరిన వ్యక్తి ముప్పై తొమ్మిదేళ్లకే దేశంలోకెల్లా శక్తిమంతమైన శాఖకు అధిపతి ఎలా కాగలిగారు? తెరవెనుక ఉండడమే ధర్మంగా భావించే సివిల్ సర్వీసులో, ఒక అధికారి పేరుతో ప్రభుత్వ ఆర్థిక విధానం ప్రచురితం కావడానికి మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మార్పు ఘనతలో ఆయనకు న్యాయంగా చెందవలసినది ఎంత? 2001లో ఐర్లండ్ ప్రజలు ఆయనను ఇరవయ్యో శతాబ్దపు ఐరిష్ వ్యక్తిగా ఎన్నుకున్నారని చదివినప్పటి నుంచి ఈ చివరి ప్రశ్న నన్ను మరీ వెంటాడుతోంది. ఎన్నికల్లో ఎన్నడూ ఓటు అడగని మనిషికి ఆ గౌరవం దక్కడం వెనుక ఉన్న కారణాలను తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ని.

జవాబు 1

మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను, ఎందుకంటే మిగిలిన రెండిటికీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

విటకర్ 1916 డిసెంబరు 8న డౌన్ కౌంటీలోని రోస్ట్రెవర్ గ్రామంలో జన్మించారు. ఆయన పసితనంలోనే దేశం రెండుగా చీలడంతో ఆ గ్రామం సరిహద్దుకు అవతల, ఉత్తర ఐర్లండ్‌లో ఉండిపోయింది. కుటుంబం లౌత్ కౌంటీలోని డ్రోహెడా పట్టణానికి తరలివచ్చింది. ఆయన అక్కడ క్రిస్టియన్ బ్రదర్స్ నడిపే పాఠశాలలో చదువుకున్నారు. సాధారణ కుటుంబంలో పుట్టిన తెలివైన పిల్లలకు ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం దాదాపు అందని వస్తువు, ప్రభుత్వోద్యోగపు పోటీ పరీక్ష మాత్రం తెరిచి ఉన్న తలుపు. స్వతంత్ర రాజ్యం ఏర్పడిన తొలి ఏళ్లలోనే నియామకాలను సిఫారసుల నుంచి తప్పించి సివిల్ సర్వీస్ కమిషనర్ల చేతిలో పెట్టారు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే విటకర్ పేరు మనకు తెలిసి ఉండేది కాదని నేననుకుంటాను.

1934లో ఆయన క్లరికల్ ఆఫీసరుగా చేరారు. అక్కడితో ఆగకుండా ఒక్కో మెట్టుకూ విడిగా పరీక్ష రాస్తూ, తర్వాతి సంవత్సరం ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా విద్యాశాఖకు, 1937లో పన్నుల అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు పదవికి, 1938లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా ఆర్థిక శాఖకు చేరుకున్నారు. నాలుగేళ్లలో నాలుగు హోదాలు, అన్నీ పోటీలో నెగ్గి సంపాదించినవే. ఇంతలోనే, పగలు ఉద్యోగం చేస్తూ, లండన్ విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్య ద్వారా మొదట గణితం, లాటిన్, కెల్టిక్ భాషా అధ్యయనాలతో ఒక పట్టా, ఆ తర్వాత అర్థశాస్త్రంలో మరొకటి, 1952లో అర్థశాస్త్రంలోనే మాస్టర్స్ సాధించారు. తరగతి గదిలో కూర్చుని ఆచార్యుల నోట వినకుండా, పుస్తకాలు తెప్పించుకుని ఒంటరిగా చదివిన అర్థశాస్త్రం అది. దానివల్ల ఆయనకు ఏ ఒక్క సిద్ధాంత శాఖకూ కట్టుబడని అలవాటు వచ్చిందని నా అంచనా. తన శాఖ తరతరాలుగా నమ్మినదాన్ని ప్రశ్నించే ధైర్యానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక ఆయన అడుగుపెట్టిన శాఖ ఎలాంటిదో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. డబ్లిన్‌లోని అప్పర్ మెరియన్ వీధిలో కొలువున్న ఆర్థిక శాఖ అనుమతి లేకుండా ఏ ఇతర శాఖా ఒక కొత్త పోస్టు సృష్టించుకోలేదు, కొత్త పథకానికి ఖర్చు పెట్టలేదు. 1927 నుంచి 1953 వరకు, అంటే ఇరవై ఆరేళ్లు, ఆ శాఖకు కార్యదర్శిగా ఉన్నది జె. జె. మెక్‌ఎలిగట్. బ్రిటిష్ పాలనపై 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్ జనరల్ పోస్టాఫీసులో పోరాడిన మనిషి ఆయన. ప్రభుత్వం అప్పు చేయకూడదు, పన్నులు పెరగకూడదు, ఖర్చు ఎక్కడ కనిపించినా ఆపాలి అన్నది ఆయన పాలనలో శాఖకు అబ్బిన స్వభావం. కొత్త రాజ్యం దివాలా తీయకుండా నిలిచింది ఆ కాఠిన్యం వల్లనే అన్నది నిజం. అదే కాఠిన్యం 1950లకు వచ్చేసరికి దేశానికి ఊపిరాడనివ్వని స్థితికి చేరిందన్నదీ అంతే నిజం.

1955లో విదేశీ చెల్లింపుల లోటు పెరిగింది. మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి జెరార్డ్ స్వీట్‌మన్ దిగుమతులపై ప్రత్యేక సుంకాలు విధించవలసి వచ్చింది. ఆ సంక్షోభం మధ్యలో, 1956 మే నెలలో, స్వీట్‌మన్ తన శాఖలో సీనియారిటీ ప్రకారం ముందున్నవారిని దాటించి విటకర్‌ను కార్యదర్శిగా నియమించారు. సేవా కాలాన్ని బట్టి పై పదవులు దక్కడం రివాజుగా ఉన్న చోట ఇది చిన్న సాహసం కాదు. నియామకానికి కొద్ది రోజుల ముందే విటకర్ డబ్లిన్‌లోని స్టాటిస్టికల్ అండ్ సోషల్ ఎంక్వైరీ సొసైటీలో పొదుపు, మూలధన కల్పన, ఆర్థిక ప్రగతి మధ్య ఉన్న సంబంధంపై ఒక ప్రసంగ వ్యాసం చదివారు. రెండేళ్ల తర్వాత వచ్చిన నివేదికకు బీజం అందులో కనిపిస్తుంది. అంటే ఆయన పదవి వచ్చాక ఆలోచించడం మొదలుపెట్టలేదు, ఆలోచన సిద్ధంగా ఉన్నప్పుడు పదవి వచ్చింది.

జవాబు 2

పై సభ్యులు చెప్పినదానికి కొనసాగింపుగా, నివేదిక ఎలా తయారైంది, దానిపై పేరు ఎందుకు వచ్చింది అన్నవి చెబుతాను.

1957 మార్చి ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారింది. ఏమన్ డి వలేరా మళ్లీ ప్రధాని అయ్యారు, ఆర్థిక శాఖ జేమ్స్ రయన్‌కు దక్కింది. ఒక పార్టీ మంత్రి నియమించిన కార్యదర్శిని ప్రత్యర్థి పార్టీ మంత్రి యథాతథంగా కొనసాగించారు. మనం తరచూ గమనించకుండా దాటిపోయే విషయమిది. ఆ సంవత్సరం దేశమంతటా నిరాశ అలుముకుని ఉంది. 'డబ్లిన్ ఒపీనియన్' అనే హాస్య పత్రిక తన ముఖచిత్రంలో ఐర్లండ్‌ను జోస్యురాలి ఎదుట కూర్చుని తనకు భవిష్యత్తు ఉందో లేదో అడుగుతున్న స్త్రీగా చిత్రించింది. ఆ బొమ్మ తనను కదిలించిందని విటకర్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు.

1957 డిసెంబరులో ఆయన మంత్రికి ఒక నోట్ సమర్పించారు. దేశ ఆర్థిక స్థితిని సమగ్రంగా పరిశీలించి, అభివృద్ధికి ఒక పొందికైన కార్యక్రమం రూపొందించడానికి అనుమతి ఇమ్మని అందులో అడిగారు. అనుమతి రాగానే ఇతర శాఖల నుంచి కూడా చురుకైన యువ అధికారులను కూడగట్టారు. వారిలో ఆయనకు కుడి భుజంగా నిలిచినది చార్లీ మర్రీ. వీళ్లెవరికీ రోజువారీ పని నుంచి మినహాయింపు లేదు. ఆఫీసు పని ముగించుకున్న తర్వాత సాయంత్రాలు, సెలవు రోజులు వెచ్చించి అధ్యాయాలు రాశారు. 1958 మే చివరికి రాతప్రతి మంత్రివర్గానికి చేరింది.

అందులో ఉన్నదేమిటంటే, పాతికేళ్లుగా నడుస్తున్న స్వయంసమృద్ధి విధానం చేరవలసిన హద్దుకు చేరిపోయిందని, ఎత్తయిన సుంకాల గోడల వెనుక చిన్న దేశీయ మార్కెట్ కోసం తయారుచేసే పరిశ్రమలు ఇకపై కొత్త ఉద్యోగాలు ఇవ్వలేవని సూటిగా చెప్పడం. ప్రభుత్వ పెట్టుబడి ఆదాయాన్నీ ఎగుమతులనూ పెంచే రంగాల వైపు మళ్లాలని, పశువుల పెంపకం, పచ్చిక భూములు, ఎరువుల వాడకం మెరుగుపడాలని, విదేశీ పెట్టుబడిని అడ్డుకోవడం మాని ఆహ్వానించాలని, స్వేచ్ఛా వాణిజ్యానికి ముందుగానే సిద్ధపడాలని ప్రతిపాదించడం. విదేశీయుల యాజమాన్యాన్ని పరిమితం చేస్తూ 1930లలో చేసిన చట్టాలు అప్పటికింకా అమల్లోనే ఉన్నాయి. వాటిని తెచ్చిన పార్టీయే 1958లో అధికారంలో ఉంది. ఆ చట్టాలను నడిపించిన మంత్రి షాన్ లెమాస్ అదే మంత్రివర్గంలో కూర్చుని ఉన్నారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. తన పూర్వ విధానాన్ని తానే విడిచిపెడుతున్నానని ఒప్పుకోవడం ఏ పార్టీకైనా కష్టం. అదే మార్పును ఏ పార్టీకీ చెందని అధికారి చేసిన నిష్పాక్షిక పరిశీలనగా ప్రజల ముందు పెడితే, ప్రభుత్వం వెనక్కు తగ్గినట్టు కనిపించదు, ప్రతిపక్షానికీ దాన్ని ఎదిరించే కారణం తగ్గిపోతుంది. పైగా ఆ అధికారిని నియమించినది ఆ ప్రతిపక్షమే. అందువల్ల ప్రభుత్వం 'ఆర్థిక విస్తరణ కార్యక్రమం' పేరుతో తన శ్వేతపత్రాన్ని విడుదల చేసిన 1958 నవంబరులోనే, దానికి ఆధారమైన నివేదికను విటకర్ పేరుతో విడిగా ప్రచురించింది. బూడిదరంగు అట్టతో రావడం వల్ల దాన్ని 'గ్రే బుక్' అని పిలవడం అలవాటైంది. ఇది ఆయన కీర్తి కాంక్ష వల్ల జరిగినది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆయన పేరు ఆ పుస్తకానికి పార్టీల గొడవ అంటకుండా కాపాడే కవచంగా పనిచేసింది.

జవాబు 3

విటకర్ మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. అయినా ఒక దేశం కోలుకోవడాన్ని ఒకే వ్యక్తి ఖాతాలో జమ చేయడం చరిత్రకు మేలు చేయదు కాబట్టి, మూడో ప్రశ్న విషయంలో కొన్ని సంగతులు ముందుంచుతున్నాను.

మొదటిది, మార్పుకు పునాదులు కొన్ని నివేదికకు ముందే పడ్డాయి. విదేశీ పెట్టుబడులను ఆకర్షించిన ఐడీఏ అనే పారిశ్రామికాభివృద్ధి సంస్థ 1949లోనే ఏర్పడింది. ఎగుమతుల లాభంపై పన్ను మినహాయింపును 1956లో స్వీట్‌మన్ ప్రవేశపెట్టారు. ఐర్లండ్ 1957లోనే ప్రపంచ బ్యాంకులోనూ అంతర్జాతీయ ద్రవ్య నిధిలోనూ సభ్యత్వం తీసుకుంది. తర్వాతి దశాబ్దాల్లో విదేశీ కంపెనీలను రప్పించడంలో ఆ పన్ను మినహాయింపు పోషించిన పాత్ర నివేదికలోని ఏ అధ్యాయానికీ తీసిపోదు.

రెండోది, నివేదిక ఊహించినదీ జరిగినదీ ఒకటి కావు. కార్యక్రమం ఏడాదికి 2 శాతం వృద్ధిని లక్ష్యంగా పెట్టుకుంది. 1959 నుంచి 1963 వరకు వాస్తవంగా సుమారు 4 శాతం వచ్చింది. వ్యవసాయం ముందుండి లాగుతుందని రచయితలు అనుకుంటే, లాగినది పరిశ్రమ, ఎగుమతులు. అదే కాలంలో పశ్చిమ ఐరోపా అంతా ఊపు మీద ఉందన్నదీ మరువకూడదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, లెమాస్ పాత్ర. 1959 జూన్‌లో ప్రధాని అయిన ఆయన, ముప్పై ఏళ్ల పాటు తాను కట్టిన రక్షణ గోడలను తన చేతులతోనే కూల్చడానికి సిద్ధపడ్డారు. 1959, 1960ల్లో విటకర్‌కూ పరిశ్రమల, వాణిజ్య శాఖ కార్యదర్శి జె. సి. బి. మెకార్తీకీ మధ్య సుంకాల విషయంలో సుదీర్ఘమైన లిఖిత వాదం నడిచింది. స్వేచ్ఛా వాణిజ్యానికి తలుపులు తెరవాలని ఒకరు, తెరిస్తే మన కర్మాగారాలు మూతపడతాయని మరొకరు వాదించారు. కార్యదర్శులు ఇద్దరూ ఎంత గొప్పగా రాసినా, తీర్పు చెప్పవలసినది ప్రధాని, చెప్పినదీ ఆయనే. 1961లో ఐరోపా ఆర్థిక సమాజ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టడం, ఆ ప్రయత్నం 1963లో ఆగిపోయినా 1963, 1964 జనవరి నెలల్లో తమంత తామే సుంకాలను పది శాతం చొప్పున తగ్గించుకోవడం, 1965 డిసెంబరులో బ్రిటన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకోవడం, ఇవన్నీ ఓడిపోతే ఓట్లు పోగొట్టుకునే మనిషి తీసుకున్న నిర్ణయాలు.

ఆర్థిక శాఖ చూపు ప్రతిసారీ సరైనదే అని కూడా అనలేం. 1966 సెప్టెంబరులో విద్యామంత్రి డోనా ఓమాలీ, ఆర్థిక శాఖ ఆమోదం లేకుండానే, ఉచిత మాధ్యమిక విద్యను పత్రికా విలేఖరుల సంఘం సమావేశంలో ప్రకటించేశారు. విటకర్ ఆగ్రహంతో లెమాస్‌కు నిరసన లేఖ రాశారు. పద్ధతి ప్రకారం ఆయన అభ్యంతరం సబబే. కానీ ఆ పథకం ఆగి ఉంటే, తర్వాతి కాలంలో ఐర్లండ్‌కు పరిశ్రమలను తెచ్చిన చదువుకున్న తరం అంత త్వరగా తయారయ్యేది కాదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. లెమాస్ లేకుండా విటకర్ కాగితం కాగితంగానే ఉండిపోయేదని అర్థమైంది. అయితే మరో సంశయం కలిగింది. మంత్రులు కోరి తెచ్చుకున్న సలహాదారు 1969లో, అంటే యాభై మూడేళ్లు నిండకముందే, ఆర్థిక శాఖను వదిలి కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా ఎందుకు వెళ్లిపోయారు? ఆ తర్వాత ఆయన ప్రభావం తగ్గిందా? ఉత్తర ఐర్లండ్ వ్యవహారంలోనూ ఆయన పేరు వినిపిస్తుంది, ఆర్థికవేత్తకు అక్కడ పనేమిటో తెలియలేదు.

జవాబు 4

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే విటకర్ ఉద్యోగ జీవితంలో అతి తక్కువగా చర్చకు వచ్చిన, బహుశా అతి విలువైన భాగం అదే.

ప్రపంచ బ్యాంకు వార్షిక సమావేశాల్లో విటకర్‌కు టెరెన్స్ ఓనీల్‌తో పరిచయం ఏర్పడింది. అప్పట్లో ఓనీల్ ఉత్తర ఐర్లండ్ ఆర్థిక మంత్రి, 1963లో ఆ ప్రాంత ప్రధాని అయ్యారు. రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి పలకరించుకోని రోజులవి. 1965 జనవరిలో ఓనీల్ తన ఆంతరంగిక కార్యదర్శి జిమ్ మాలీని డబ్లిన్‌కు పంపినప్పుడు, ఆ ఆహ్వానం మొదట చేరినది విటకర్ గదికి. ఆయన దాన్ని లెమాస్ దగ్గరకు తీసుకువెళ్లారు. జనవరి 14న లెమాస్, విటకర్ కారులో ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వ కేంద్రమైన స్టార్మంట్‌కు వెళ్లారు. ఇరువైపుల ప్రధానులు అధికారికంగా ఒకచోట కూర్చోవడం సుమారు నాలుగు దశాబ్దాల్లో అదే మొదటిసారి. ఫిబ్రవరిలో ఓనీల్ డబ్లిన్ వచ్చారు. సరిహద్దుకు అవతల పుట్టి ఇవతల పెరిగిన మనిషికి ఆ ప్రయాణం ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవడమే తప్ప మనం చెప్పలేం.

1968 నవంబరులో, ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ వీధుల్లో పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసులు లాఠీలు ఝళిపించిన కొద్ది వారాలకే, ఆయన సరిహద్దు విధానంపై ప్రధాని జాక్ లించ్‌కు ఒక నోట్ రాశారు. బలప్రయోగంతో ఐక్యత సాధ్యం కాదు, సాధ్యమైనా అది నిలవదు, ఉత్తరాన ఉన్న మెజారిటీ ప్రజల సమ్మతిని కాలక్రమంలో సంపాదించుకోవడం ఒక్కటే దారి అన్నది దాని సారాంశం. 1969 ఆగస్టులో బెల్‌ఫాస్ట్, డెరీ నగరాలు మండుతున్నప్పుడు లించ్ మంత్రివర్గంలో కొందరు కఠిన చర్యలు కోరుతున్నారు. విటకర్ అప్పటికే కేంద్ర బ్యాంకు గవర్నర్. కాబట్టి ఆ విషయంలో ఆయనకు ఏ అధికారిక బాధ్యతా లేదు. గాల్వే కౌంటీలోని కార్నాలో సెలవుల్లో ఉన్న ఆయన అక్కడి నుంచే లించ్‌కు సలహాలు పంపారు. సెప్టెంబరు 20న ట్రలీ పట్టణంలో లించ్ చేసిన ప్రసంగం విటకర్ రాసిన ముసాయిదాపై ఆధారపడినది. శాంతియుతంగా, సమ్మతితో మాత్రమే ఐక్యత అని ప్రభుత్వాధినేత ప్రకటించిన ఆ విధానమే ముప్పై ఏళ్ల తర్వాత, 1998 నాటి గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందంలో ఇరుపక్షాలూ అంగీకరించిన సూత్రమైంది. మూడో జవాబు రాసిన సభ్యులు ఘనతను పంచవలసిన తీరును చక్కగా వివరించారు. కానీ ఈ ఒక్క విషయంలో, సలహా ఇచ్చినవారి వాటా నిర్ణయం ప్రకటించినవారి వాటాకన్నా తక్కువని నేను ఒప్పుకోలేను. ఇల్లు అంటుకున్న వేళ చల్లగా ఆలోచించి నాలుగు పేజీలు రాయగలగడం ఏ శిక్షణతోనూ రాదు.

ఆర్థిక శాఖను వదలడానికి కారణం ఏమిటంటే, పదమూడేళ్లు ఒకే పీఠంపై కూర్చోవడం ఎవరికైనా ఎక్కువే. 1966 నుంచి మంత్రిగా ఉన్న చార్లెస్ హాహీ పనితీరుకూ ఆయన పనితీరుకూ పొంతన కుదరలేదని విస్తృతంగా రాశారు. పైగా ఆర్థిక శాఖ కార్యదర్శి పదవి నుంచి కేంద్ర బ్యాంకుకు వెళ్లడం అక్కడ పాత బాటే. మెక్‌ఎలిగట్ అలాగే వెళ్లారు, విటకర్ తర్వాత రెండు పదవుల్లోనూ వారసుడిగా వచ్చిన చార్లీ మర్రీ కూడా అలాగే వెళ్లారు. గవర్నర్‌గా విటకర్ కాలం సులువైనది కాదు. 1970లో సిబ్బంది సమ్మెతో వాణిజ్య బ్యాంకులు మే నుంచి నవంబరు వరకు మూతపడ్డాయి. ప్రజలు ఒకరి చెక్కులు ఒకరు నమ్మి చలామణీ చేసుకుంటూ గడిపారు. 1971 చట్టంతో బ్యాంకులకు లైసెన్సులిచ్చి పర్యవేక్షించే అధికారాలు కేంద్ర బ్యాంకుకు విస్తరించాయి. 1972 నుంచి ప్రభుత్వాలు రోజువారీ ఖర్చుల కోసం కూడా లోటు బడ్జెట్లకు దిగడాన్ని ఆయన తీవ్రంగా వ్యతిరేకించారు. 1975లో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. ఆయన హెచ్చరికలు ఎవరూ చెవిన పెట్టలేదు. 1976లో రెండో పదవీకాలం కోరకుండా తప్పుకున్నారు. ప్రభావం తగ్గిందా అని అడిగారు. ఆర్థిక విషయాల్లో తగ్గింది, అందుకు దేశం 1980లలో భారీ మూల్యం చెల్లించింది.

ఆ తర్వాతి పదవులను క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1976 నుంచి 1996 వరకు నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1977లో లించ్, 1981లో ప్రత్యర్థి పార్టీకి చెందిన గారెట్ ఫిట్జ్‌గెరాల్డ్ ఆయనను సెనేట్‌కు నామినేట్ చేశారు. రాజ్యాంగాన్ని సమీక్షించే నిపుణుల బృందానికి 1995, 1996ల్లో అధ్యక్షత వహించారు. 2017 జనవరి 9న, నూరేళ్లు నిండిన నెల రోజులకు, కన్నుమూశారు.

జవాబు 5

ఇంతవరకు జరిగిన చర్చలో ఎవరూ ప్రస్తావించని ఒక విషయం జోడించాలి. ప్రతిభ ఉన్న పేద విద్యార్థికి పోటీ పరీక్ష తలుపు తెరిచిందని మొదటి జవాబులో రాశారు. ఆ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ఐరిష్ సివిల్ సర్వీసులో చేరిన మహిళ పెళ్లి చేసుకుంటే ఉద్యోగానికి రాజీనామా చేయవలసిందేనన్న నిబంధన 1973 వరకు అమల్లో ఉంది. విటకర్‌తో సమానంగా, లేదా అంతకన్నా మెరుగ్గా పరీక్షలు రాసి చేరిన ఎంతమంది యువతులు పాతికేళ్లు నిండకముందే ఫైళ్లు అప్పగించి ఇంటికి వెళ్లిపోయారో ఎవరు లెక్క చెప్పగలరు?

ఆ గోడను దాటి పైకి చేరిన ఒకే ఒక్కరు థెక్లా బియర్. 1901లో వెస్ట్‌మీత్ కౌంటీలో చర్చ్ ఆఫ్ ఐర్లండ్ మతాచార్యుని ఇంట పుట్టారు. ట్రినిటీ కళాశాలలో చదివి, 1920లలో ప్రభుత్వ గణాంకాల విభాగంలో చేరారు. పరిశ్రమల, వాణిజ్య శాఖలో దశాబ్దాలు పనిచేసి, 1959లో కొత్తగా ఏర్పడిన రవాణా, విద్యుత్ శాఖకు కార్యదర్శి అయ్యారు. ఐరిష్ ప్రభుత్వ శాఖకు అధిపతి అయిన తొలి మహిళ ఆమె. ఆమె వివాహం చేసుకోలేదు, చేసుకుని ఉంటే ఆ పదవి దక్కేదే కాదు. మరో మహిళ ఆ హోదాకు చేరడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

పదవీ విరమణ తర్వాత బియర్ చేసిన పని నా దృష్టిలో మరింత గొప్పది. 1970లో ప్రభుత్వం నియమించిన మహిళల స్థితిగతుల కమిషన్‌కు ఆమె అధ్యక్షురాలయ్యారు. 1972 డిసెంబరులో సమర్పించిన నివేదిక సమాన వేతనం, వివాహ నిబంధన రద్దు మొదలైనవాటిని సిఫారసు చేసింది. మరుసటి ఏడాదే సివిల్ సర్వీసులో ఆ నిబంధనను చట్టం ద్వారా తొలగించారు, 1974లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒక అధికారి రాసిన కాగితం దేశాన్ని ఎలా మారుస్తుందన్నదే ప్రశ్న అయితే, ఈ కాగితాన్ని కూడా 'గ్రే బుక్' పక్కనే ఉంచి చదవాలి.

జవాబు 1 రాసినవారు

బియర్ గురించి రాసినందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. అది లేకుంటే నా మొదటి జవాబు అసంపూర్ణంగా ఉండేది.

ఘనత ఎవరిదన్న చర్చలో చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 1924 నాటి మంత్రుల, కార్యదర్శుల చట్టం ప్రకారం ఐర్లండ్‌లో శాఖ అంటే న్యాయపరంగా మంత్రే. అధికారులు చేసే ప్రతి పనీ మంత్రి పేరుతో జరిగినట్టే లెక్క. కార్యదర్శికి సొంతంగా బాధ్యత ఉన్నది ఒక్క చోట మాత్రమే: ఖర్చయిన ప్రతి పౌండుకూ అకౌంటింగ్ ఆఫీసరుగా ఆయన పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ముందు స్వయంగా జవాబు చెప్పాలి. అంటే చట్టం దృష్టిలో విటకర్ లెక్కలకు మాత్రమే బాధ్యుడు, ఆలోచనలకు కాదు. ఆ చట్రం లోపల ఉంటూనే ఆయన చేసినది ఏమిటంటే, మంత్రులు ఎంచుకోగల దారులను, వాటి ఖర్చును, ఎంచుకోకపోతే కలిగే నష్టాన్ని దాపరికం లేకుండా వాళ్ల ముందు పెట్టడం. లెమాస్ గోడలు కూల్చగలిగారంటే, కూల్చాక ఏం జరుగుతుందో ఎవరో ముందే పద్దు వేసి చూపించి ఉండాలి.

నేటి పరిస్థితి వేరు. 1984లో ఉన్నత పదవుల నియామకాలకు ప్రత్యేక కమిటీ ఏర్పడింది. అప్పటి నుంచి కార్యదర్శుల పదవీకాలం సాధారణంగా ఏడేళ్లకు పరిమితమైంది. 1997 చట్టంతో ఆ హోదా పేరు సెక్రటరీ జనరల్‌గా మారి, వారి విధులు మొదటిసారిగా చట్టంలోకి ఎక్కాయి. అదే ఏడాది సమాచార స్వేచ్ఛా చట్టం కూడా వచ్చింది. ఈ పద్ధతిలో మెక్‌ఎలిగట్‌కు ఇరవై ఆరేళ్లూ దక్కవు, విటకర్‌కు పదమూడేళ్లూ దక్కవు. అది కొంతవరకు మంచిదే. కానీ 1957 డిసెంబరు నాటి నోట్ లాంటిది ఈ రోజు రాసే కార్యదర్శి, అది కొన్ని నెలల్లో పత్రికలకు చేరవచ్చని తెలిసి కూడా, అంత నిర్మొహమాటంగా రాయగలరా అన్నది నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. అక్కడి పాలనను దగ్గర నుంచి గమనిస్తున్నవారు ఎవరైనా ఈ విషయంపై రాస్తే చదవాలని ఉంది.